పంచ్‌గా ఎవర్ని పిలుస్తారు, ఎవర్ని వదిలేస్తారు

2009 ఎండాకాలంలో దేవరకొండ వైపు ఒక ఊళ్లో వ్యవసాయ బావిలో శవం తేలింది. చనిపోయింది మాదిగ యువకుడు. ఒక పెద్ద రైతు దగ్గర జీతం ఉండేవాడు. శవాన్ని బావిలోంచి పైకి తీసింది వాడకట్టు మనుషులే. రాత్రంతా కుక్కలు రాకుండా కాపలా కూచున్నది ఊరి కావలికారు. తెల్లారి జీపు దిగిన ఎస్సై అడిగిన మొదటి మాట: "ఊళ్లె పెద్దమనుషులెవరున్నరయ్యా? ఐదుగుర్ని పిల్వున్రి." ఐదుగురు వచ్చారు. నలుగురు ఆ పెద్ద రైతు కులంవాళ్లు, ఐదోవాడు ఆయన దగ్గర ఏటా పెట్టుబడికి అప్పు తెచ్చుకునే చిన్న రైతు. శవ పంచనామాలో పంచాయతీదార్ల అభిప్రాయం రాసే చోట కాలు జారి నీళ్లలో పడి చనిపోయాడని రాశారు. ఐదు సంతకాలు పడ్డాయి.

మేం తర్వాత ఆ ఊరికి పోయినప్పుడు కావలికారును అడిగాం. ఆయన చెప్పింది ఇంతే: "శవాన్ని మోసినోణ్ణి నేనే. మెడ మీద గుర్తు చూసినోణ్ణి నేనే. నన్నెవరడిగిన్రు సారూ? నాకు సంతకం గూడ రాదాయె."

ఆ యువకుడు ఎట్లా చనిపోయాడో తేల్చే స్థితిలో మేం లేం. మేం అడిగేది వేరే ప్రశ్న. ఆ ఐదుగురే ఎందుకు? వాళ్లను ఎంపిక చేసే అధికారం ఎవరిది? ఆ ఎంపిక తప్పని చెప్పే హక్కు చనిపోయినవాడి తల్లికి ఉందా? సంతకం రాని మనిషి పంచ్‌గా పనికిరాడని ఏ చట్టంలో ఉంది? (ఏ చట్టంలోనూ లేదు. వేలిముద్ర చాలు.)

మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో జ్యూరీ అనే మాట సినిమాల్లో తప్ప ఎవరూ వినలేదు. పంచ్ అనే మాట వినని ఊరు మాత్రం లేదు. నేరం జరిగినచోట న్యాయ ప్రక్రియలోకి మామూలు జనాన్ని పిలిచే పద్ధతుల్లో మనకు మిగిలింది ఈ ఒక్కటే. జ్యూరీకి, పంచ్‌కు తేడా ఉంది. జ్యూరీ తీర్పు చెబుతుంది, పంచ్ చూసినదానికి సంతకం చేస్తాడు. కానీ ఎవర్ని పిలవాలి, ఎవర్ని మినహాయించాలి అన్న ప్రశ్న రెండుచోట్లా ఒకటే. అందుకని ముందు జ్యూరీ సంగతి కొంచెం చూసి మళ్లీ మన ఊరికి వద్దాం.

ఇంగ్లీషువాళ్లు 1898లో తెచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి పెద్ద అధ్యాయమే ఉంది. 21 నుంచి 60 ఏళ్ల లోపు మగవాళ్లంతా జ్యూరీకి గానీ, అసెసర్లుగా గానీ రావలసినవాళ్లే. ఆడవాళ్ల మాట లేదు. ఆ వెంటనే మినహాయింపుల పట్టీ ఉంటుంది. జడ్జీలు, కలెక్టర్లు, పోలీసులు, వైద్యం చేసేవాళ్లు, పోస్టు, తంతి శాఖల ఉద్యోగులు, తమ తమ మతాల్లో పూజారులుగా పనిచేస్తున్నవాళ్లు మినహాయింపు పొందారు. మిగిలినవాళ్లలోంచి సెషన్స్ జడ్జి, కలెక్టరు కలిసి జాబితా తయారుచెయ్యాలి. ఇక్కడే కిటుకంతా ఉంది. చట్టం అందరూ అర్హులే అంటుంది గానీ, ఆ ఇద్దరు దొరలు ఎవర్ని అర్హులని అనుకుంటారో వాళ్ల పేర్లే జాబితాకెక్కుతాయి. కూలి చేసుకునే మాల, మాదిగ మనిషి పేరు రాయొద్దని చట్టంలో ఒక్క ముక్క కూడా లేదు. రాయకపోవడానికి అట్లాంటి ముక్క అక్కర్లేదు కూడా.

అయినా ఆ చట్టంలో మూడు సంగతులు గమనించాలి. జాబితాను కాగితం మీద రాసి జనానికి కనబడేచోట అంటించాలి, అభ్యంతరాలు తీసుకోవాలి, ఏటేటా సవరించాలి. కేసుకు పిలిచే పేర్లను చీట్లు తీసి ఎంచాలి. చీటీలో పేరొచ్చినవాడి మీద ముద్దాయి అభ్యంతరం చెప్పొచ్చు. ఇతనికి పక్షపాతం ఉందనో, సాక్ష్యం చెప్పే భాష ఇతనికి రాదనో, ప్రాపంచిక విషయాలు వదిలేసిన సన్యాసి అనో చెప్పొచ్చు. రాలేనన్నవాడి కారణం సబబనిపిస్తే కోర్టే మినహాయించేది. ఊరకే ఎగ్గొట్టినవాడికి జరిమానా వేసేది.

ఈ కోడ్ 1951లో హైదరాబాద్ రాష్ట్రానికి కూడా వర్తించింది. అప్పటికే అది చివరి దశలో ఉంది. 1955 సవరణతో అసెసర్ల పద్ధతి పోయింది. 1958లో సెతల్వాద్ నాయకత్వంలోని లా కమిషన్ తన 14వ నివేదికలో జ్యూరీని తీసెయ్యమంది. 1959లో బొంబాయిలో నానావతి కేసులో తొమ్మిది మంది జ్యూరీలో ఎనిమిది మంది ముద్దాయి నిర్దోషి అన్నారు. జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు పంపాడు. 1961లో సుప్రీంకోర్టు యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. ఆ ఒక్క కేసుతోనే జ్యూరీ పోయిందని చెప్పుకోవడం కథ మాత్రమే, లా కమిషన్ ముందే చెప్పింది. 1974 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త కోడ్‌లో జ్యూరీ లేదు. పార్సీల పెళ్లి, విడాకుల కోర్టుల్లో మాత్రం వాళ్ల కులపెద్దలు డెలిగేట్లుగా కూచునే పద్ధతి 1936 చట్టం కింద మిగిలింది.

జ్యూరీ పోయినందుకు మేం కన్నీళ్లు పెట్టుకోం. అమెరికాలో 1955లో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్ల పిల్లవాణ్ణి మిసిసిపీలో చంపారు. ఆ కేసు విన్న జ్యూరీ పన్నెండు మందీ తెల్ల మగవాళ్లే. జ్యూరీ పేర్లు ఓటర్ల పట్టీలోంచి తీస్తారు, ఆ కౌంటీలో నల్లవాళ్లను ఓటరుగా నమోదు కానివ్వలేదు. కౌంటీ జనంలో ఎక్కువమంది నల్లవాళ్లే అయినా జ్యూరీ పెట్టెలో ఒక్కడూ లేడు. ఆ పన్నెండు మంది గంటకు కాస్త అటూ ఇటూగా బయటికొచ్చి హంతకులు నిర్దోషులన్నారు. నల్లవాళ్లను రంగు చూసి జ్యూరీలోంచి ఏరెయ్యకూడదని అక్కడి సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది 1986లో, బాట్సన్ కేసులో. మన కరంచేడులోనో, చుండూరులోనో జ్యూరీ ఉండి ఉంటే అందులో ఎవరు కూచునేవాళ్లో చదివేవాళ్లకు చెప్పనక్కర్లేదు. అయితే అక్కడ పోరాడేందుకు ఒక జాబితా ఉంది. ఈ పట్టీలో మావాళ్లు ఎందుకు లేరని నిలదీసేందుకు ఒక కాగితం ఉంది. పంచ్ విషయంలో మనకు ఆ కాగితమే లేదు.

"గౌరవనీయుడు" ఎవరు?

సోదా గురించి చెప్పే పాత కోడ్ సెక్షన్ 100, సబ్‌సెక్షన్ 4లో ఒక మాట ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో అదే మాట సెక్షన్ 103గా వచ్చింది. ఆ ప్రాంతంలో నివసించే ఇద్దరు లేక అంతకంటే ఎక్కువ మంది "స్వతంత్రులు, గౌరవనీయులు" అయిన వాళ్లను సోదాకు పిలవాలి. శవ పంచనామా గురించి చెప్పే పాత 174, ఇప్పటి 194 సెక్షన్‌లో ఇరుగుపొరుగున ఉండే ఇద్దరు లేక అంతకు మించి గౌరవనీయుల ముందు విచారణ చెయ్యాలంటుంది. అక్కడ స్వతంత్రులన్న మాట కూడా లేదు.

గౌరవనీయుడంటే ఎవరో చట్టం ఎక్కడా వివరించలేదు. వివరించే బాధ్యత మన ఊళ్లో కులం తీసుకుంది. హోటల్లో దళితులకు వేరే గ్లాసు పెట్టిన ఊళ్లు పాలమూరులో ఎన్నో ఉండేవి. గ్లాసు వేరుగా పెట్టిన ఊళ్లో గౌరవనీయుల పేర్లు చెప్పమని అడిగితే ఏ పేర్లు వస్తాయి? ఎస్సై దళిత వ్యతిరేకి అయి ఉండనక్కర్లేదు. ఎస్సై దళితుడైనా అదే ప్రశ్న అడుగుతాడు, అవే పేర్లు వస్తాయి. ప్రశ్నలోనే జవాబు ఉంది.

దీనికి వెనక చరిత్ర ఉంది. తెలంగాణలో ఊరికొక పోలీస్ పటేల్, మాలీ పటేల్, పట్వారీ ఉండేవాళ్లు. అవి వంశపారంపర్య పదవులు. ఊళ్లో అనుమానాస్పదంగా ఎవరైనా చనిపోతే ఠాణాకు కబురు పంపాల్సిందీ, పంచులను కూర్చాల్సిందీ పోలీస్ పటేల్. కబురు మోసేదీ, శవానికి కాపలా కాసేదీ, గుంట తవ్వేదీ సేత్‌సింధీలు, నీరడులు, బేగార్లు. పెత్తనం ఒకరిది, మోత ఒకరిది. 1984, 85ల్లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ పదవులను రద్దు చేసింది. పంచుల్ని కూర్చే అలవాటు రద్దు కాలేదు, అది సర్పంచ్ దగ్గరికీ, వి.ఆర్.ఓ. దగ్గరికీ పోయింది. వి.ఆర్.ఓ. పదవి 2020లో పోయింది, వి.ఆర్.ఏ.లను 2023లో వేరే శాఖల్లో సర్దారు. మనుషులు మారినా, పోలీసు జీపు ఊళ్లోకి వస్తే ఆగే అరుగు మాత్రం అదే.

మేం చూసినంతలో పంచుల ఎంపిక రెండు దారుల్లో పోతుంది. పెద్దవాళ్ల మీద కేసైతే పంచులు పెద్దవాళ్లే. గుడుంబా, పేకాట, చిల్లర దొంగతనం కేసైతే పంచులు ఠాణా దగ్గర దొరికే బీదవాళ్లు. అంటే చాయ్ హోటల్లో కప్పులు కడిగేవాడు, ఆటో నడిపేవాడు, హమాలీ. ఒకసారి సంతకం పెట్టినవాణ్ణి మళ్లీ మళ్లీ పిలుస్తారు. అచ్చంపేట, దేవరకొండ తండాల మీద ఎక్సైజ్ దాడులు జరిగిన రోజుల్లో, లంబాడీల మీద కేసుకు పక్క ఊరి మాదిగ కూలిని పంచ్‌గా తీసుకుపోయేవాళ్లు. గౌరవనీయుడన్న మాట అప్పుడు మాత్రం అతనికి సరిగ్గా అతికేది. సాయంత్రం తండా మీదుగా ఇంటికి పోయే దారి ఎవరిదో, ఆ కోపం ఎవరు మోయాలో ఎక్సైజ్ వాళ్లకు పట్టలేదు.

మినహాయింపు కూడా ఇట్లాగే పనిచేస్తుంది. పంచ్‌గా రానన్నవాణ్ణి శిక్షించొచ్చని సోదా సెక్షన్ చివర్లో ఉంది. కానీ దానికి రెండు షరతులున్నాయి. పిలుపు రాతపూర్వకంగా అందాలి, నిరాకరణకు సబబైన కారణం ఉండకూడదు. మా తిరుగుడులో రాతపూర్వకంగా పిలిచిన పంచ్ మాకు ఒక్కడు కూడా తగల్లేదు. దొర అయితే "నాకు కోర్టుల చుట్టు తిరుగ టైమెక్కడిది సారూ, మా జీతగాని పేరు రాస్కోన్రి" అంటాడు. అదే అతనికి మినహాయింపు. జీతగానికి ఆ మాట అనే నోరు లేదు. రాతపూర్వక ఉత్తర్వు అడగొచ్చన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

స్వతంత్ర సాక్షి, ఆసక్తిగల సాక్షి

అట్రాసిటీ కేసులో ఈ ఎంపిక ఎట్లా దెబ్బకొడుతుందో చూడాలంటే కోర్టు హాల్లో కూచోవాలి. గొడవ దళితవాడలో జరుగుతుంది. చూసినవాళ్లు దళితవాడ వాళ్లే. వాళ్లను డిఫెన్స్ వకీలు ఆసక్తిగల సాక్షులంటాడు, బంధువులంటాడు. మరి స్వతంత్ర సాక్షులెవరు? ఊళ్లోవాళ్లు. ఊళ్లోవాళ్లు ముద్దాయి దగ్గర అప్పు ఉన్నవాళ్లు, ముద్దాయి ట్రాక్టరుతో దున్నించుకునేవాళ్లు, ముద్దాయి కులంవాళ్లు. కేసు విచారణకొచ్చేసరికి వీళ్లలో ఒకడు బోనెక్కి, "నాకేం తెల్వది, పోలీసోళ్లు ఖాళీ కాగితం మీద సంతకం తీస్కున్నరు" అంటాడు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ అతన్ని హాస్టైల్‌గా ప్రకటించమంటాడు. మనం ఎరిగిన మాటల్లో చెప్పాలంటే, సాక్షి అడ్డం తిరిగాడు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాచుకోవద్దు. ఖాళీ కాగితం మీద సంతకం తీసుకున్నారన్న మాట చాలాసార్లు నిజం. చాయ్ హోటల్ కుర్రవాడు చెప్పినా, పటేల్ కొడుకు చెప్పినా మాట ఒకటే. ఒకడు నిజం చెబుతున్నాడు, ఒకడు ముద్దాయిని కాపాడుతున్నాడు. జడ్జి ముందు ఇద్దరూ ఒకే వాక్యంగా కనబడతారు.

అయితే చట్టం ఈ విషయంలో మనవాళ్లు అనుకున్నంత గుడ్డిది కాదు, వకీళ్లు దాన్ని వాడుకోవడం తక్కువ. 1953లోనే దలీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చనిపోయినవాడి బంధువు అసలు హంతకుణ్ణి వదిలేసి అమాయకుణ్ణి ఇరికించడం మామూలుగా జరిగే పని కాదని చెప్పింది. బంధువు కావడం, ఆసక్తిగలవాడు కావడం రెండూ ఒకటి కావు. 2000లో సునీల్ కేసులో, ముద్దాయి చెప్పిన చోట వస్తువు దొరికినప్పుడు పంచులు లేనంత మాత్రాన ఆ దొరకడం చెల్లకుండా పోదని చెప్పింది. పంచ్ అడ్డం తిరిగితే కేసు పోయినట్టే అన్న భయం మన కార్యకర్తల్లో బాగా ఉంది, దాన్ని కొంచెం తగ్గించుకోవాలి. అదే సమయంలో ఆ తీర్పు రెండంచుల కత్తి. పోలీసు మాట ఒక్కటే చాలంటే, తప్పుడు కేసులో ఇరికించిన దళిత కుర్రవాడికి కూడా అదే వర్తిస్తుంది.

శవ పంచనామా విషయంలో సుప్రీంకోర్టు 1975లోనే, ఆంధ్రప్రదేశ్ నుంచి పోయిన పొద్ద నారాయణ కేసులో, దాని పని చావు ఎట్లా జరిగిందో చూడడం వరకే, ఎవరు కొట్టారు, ఎట్లా కొట్టారు అనే వివరాలన్నీ అందులో ఉండనక్కర్లేదని చెప్పింది. కాబట్టి ఆ కాగితంలో ముద్దాయి పేరు లేదని బెంబేలు పడొద్దు. కానీ ఆత్మహత్య, కాలు జారి అన్న రెండు ముక్కలు అందులో పడితే దర్యాప్తు అక్కడే చల్లబడుతుంది. ఎఫ్.ఐ.ఆర్. లో సెక్షన్ మార్పించడానికి చనిపోయినవాడి వాళ్లు నెలల తరబడి తిరగాలి.

ఒక సంగతి చాలామందికి తెలియదు. శవ పంచనామా నివేదిక మీద పోలీసు అధికారి, ఆయనతో పాటు పంచుల్లో ఎంతమంది ఆ అభిప్రాయంతో ఏకీభవిస్తారో అంతమందే సంతకం చెయ్యాలని సెక్షన్ చెబుతుంది. అంటే ఏకీభవించనివాడు సంతకం చెయ్యనక్కర్లేదు. చట్టం పంచ్‌కు భిన్నాభిప్రాయం ఉండొచ్చని ఒప్పుకుంది. ఈ ఒక్క వాక్యంలో పాత జ్యూరీ వాసన ఇంకా ఉంది. వాడలోంచి ఒక్క మనిషి ఆ ఐదుగురిలో ఉండి, "నేను ఒప్పుకోను, మెడ మీద గుర్తు రాయున్రి" అంటే, ఆ కాగితం ఐదు సంతకాలతో పోదు, నాలుగుతో పోతుంది. ఎందుకు నాలుగే అని అడిగే అవకాశం అక్కణ్ణుంచి మొదలవుతుంది.

మరి వాడలోంచి పంచ్‌గా వెళ్లినవాడి గతి ఏమిటి? పాలమూరు సంగతి తీసుకుందాం. సంతకం పెట్టిన మనిషి పంట లేని ఏడాది పూణేకో, బొంబాయికో, హైదరాబాద్ అడ్డా మీదికో పోతాడు. రెండేళ్లకో, నాలుగేళ్లకో సమన్లు ఊరికి వస్తాయి. ఇంట్లో ముసలామె ఉంటుంది, కాగితం చదివేవాళ్లుండరు. రెండో వాయిదాకు వారంట్ వస్తుంది. నేరం చేసినవాడు బెయిల్ మీద ఊళ్లోనే ఉంటాడు, నేరం చూసినవాడి కోసం పోలీసులు వెతుకుతారు. అట్రాసిటీ చట్టం కింద 1995లో చేసిన నియమాల్లో 11వది ఈ మనిషి కోసమే ఉంది. బాధితులకూ, వాళ్లమీద ఆధారపడినవాళ్లకూ, సాక్షులకూ రానుపోను రైలు లేక బస్సు ఖర్చు, కనీస వేతనానికి తగ్గకుండా దినభత్యం, తిండి ఖర్చు ఇవ్వాలి. పంచ్ కూడా సాక్షే. పూణే నుంచి వచ్చినా ఇవ్వాలి. అడగకుండా ఇచ్చిన కోర్టును మేం చూడలేదు, అడిగితే తీసుకున్నవాళ్లను చూశాం. 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన సవరణలోని 15ఎ సెక్షన్ సాక్షుల రక్షణను హక్కుగా చెప్పింది. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించింది.

కొత్త సంహితలో 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం, ఆ పట్టీ మీద పంచులు సంతకం పెట్టడం కూడా వీడియో తీయాలి. ఫోనుతో తీసినా సరే. ఖాళీ కాగితం కథకు ఇది కొంత అడ్డుకట్ట. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరు 14న జరిగిన ప్రణయ్ హత్య ఆస్పత్రి ముందు కెమెరాకు చిక్కింది. నల్లగొండ ప్రత్యేక కోర్టు 2025 మార్చి 10న తీర్పు చెప్పి ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. పట్నం నడిబొడ్డున కెమెరా ఉంది కాబట్టి ఊరు ఏమనుకుందో అన్నది అంతగా లెక్కలోకి రాలేదు. వ్యవసాయ బావి దగ్గర కెమెరా ఉండదు. అక్కడ ఇప్పటికీ పంచుల కళ్లే కెమెరా. శవ పంచనామా నివేదికను ఇప్పుడు 24 గంటల్లో మేజిస్ట్రేటుకు పంపాలని 194వ సెక్షన్ చెబుతుంది. అంటే వాడవాళ్లు ఆలోచించుకోవడానికి దొరికేది కూడా ఒక్క రోజే.

ఈ మధ్య ఊళ్లలో యువకులతో కూచున్నప్పుడు మేం అడుగుతున్నది ఇది. జీపు వచ్చిన గంటలోపు మీ వాడలోంచి కనీసం ఇద్దరు, వీలైతే ఒక ఆడమనిషి, పంచులుగా మమ్మల్ని తీసుకోమని చెప్పాలి, ఆ మాటే కాగితం మీద రాసి ఇవ్వాలి. తీసుకోకపోతే ఆ కాగితానికి రసీదు అడగాలి. అది దొరక్కపోతే అదే రోజు డి.ఎస్.పి.కి పంపాలి, ఎందుకంటే అట్రాసిటీ కేసు దర్యాప్తు చెయ్యాల్సింది 7వ నియమం ప్రకారం ఆయనే. ఒక ఊళ్లో ఇట్లా అడిగితే, "మీరు బంధువులు గదా, మీరెట్ల పంచులైతరు?" అన్నారట. ఆ కుర్రవాడు, "సారూ, ఆ అయిదుగురు ఎవరికి బంధువులో మీరు రాస్కున్నరా?" అన్నాడట. ఎస్సై కొంచెంసేపు ఊరుకొని, ఒక పేరు కొట్టేసి అతని పేరు రాసుకున్నాడని చెప్పారు.